ఉండానని పలికిందెవరు

కాదు, ఆ గొంతు ఎలిశబెతమ్మది కాదు, ఉండా అని అంత పొడిగా ఆమె ఎప్పుడు పలికింది గనక, వక్కాకు బుగ్గన దోపుకుని ఉండాలే తల్లీ నేను యాడికి పోతా అని సాగదీసి కదా పలికేది, ధనుష్కోడి రేవులో ఓడ ఎక్కిన నాటినుంచి సిలోను దేశమంతా తిరిగి మళ్ళీ మద్రాసు చేరేదాకా తను హాజరు పిలిచిన ప్రతిసారీ అదే మాట, అదే సాగదీత, మరి ఇందాక వాగు దగ్గర బస్సు కదిలేముందు ఉండా అన్నది ఎవరు, అనుకుంటూ కరుణాకుమారి వెనక వరుసలో కిటికీ పక్క సీటును చేత్తో తడిమి చూసింది, ఎలిశబెతమ్మ దుప్పటి ఉంది, కొలంబోలో కొన్న నల్ల గొడుగు ఉంది, ఎలిశబెతమ్మ లేదు, బస్సు మనుబోలు టీ అంగడి ముందు ఆగి ఉంది, రేకు కప్పు మీద గులకరాళ్ళు పోసినట్టు వాన, కిటికీలకు దించిన టార్పాలిను తెరల వెనక మసక, అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు, ముసలామె యాడ, దిగిందా, యాడ దిగింది, చిల్లకూరు దాటినాక వాగు కాడ దిగినాం గదా, అక్కడ చూసినా, మళ్ళీ ఎక్కిందా, ఎక్కినట్టే ఉండె, హాజరు పలికె గదా కరుణమ్మా, అవును పలికింది, పలికింది ఎవరు, పైన పొద్దుటినుంచి ఒకటే వాన, ఆ వాగుకు వరద దిగుతుండాది, ఇంకాసేపటికి అటు పక్క మనిషి ఇటు రాలేడు అని టీ అంగడివాడు అన్నాడో లేదో, డ్రైవరు మహబూబ్ బాషా ఎవరినీ అడగకుండా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి వానలో పరుగెత్తుకొచ్చి స్టీరింగు పట్టుకున్నాడు, నెల్లూరు వైపు ఉన్న బస్సు ముక్కు గూడూరు వైపు తిరిగింది.

తిరిగిన బస్సు ఇక ఆగదు, ఎదురుగా అద్దం మీద వాన, అద్దం తుడిచే పుల్ల అటూ ఇటూ కొట్టుకుంటోంది, పైన కట్టిన పెట్టెలు గుంట గుంటకూ ఎగిరి పడుతున్నాయి, ఎడ్లబండి ఒకటి ఎదురొచ్చింది, బాషా రోడ్డు దించి మళ్ళీ ఎక్కించాడు, ఎవరో దేవా అన్నారు, భయంగానే ఉంది, అయినా గుండె కొట్టుకునేది భయంతోనేనా, సిలోనులో నువరెలియా కొండ దిగుతున్నప్పుడు మలుపు మలుపుకూ ఇలాగే కొట్టుకుంది, ఒక పక్క తేయాకు తోటలు, ఒక పక్క పాతాళం, కిందనుంచి లేచి ముఖానికి తగిలే మబ్బు, అప్పుడు ఎలిశబెతమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి మబ్బును పిడికిట పట్టి తెరిచి చూసి, ఏముండాది తల్లీ దీంట్లో, తడి తప్ప అంది, బస్సంతా నవ్వింది, ముందు సీటులోంచి ఆయన మాత్రం నవ్వలేదు, గడియారం చూసుకుని పెరదేనియా పూలతోట మూసేస్తారు, ఆలస్యం చేస్తే మన పని అంతే అన్నాడు, ఇప్పుడూ గడియారమే చూసుకుంటున్నాడు, ఆయన, కరుణ భర్త, మిషను బడి హెడ్మాస్టరు, ఈ యాత్రంతా తలకెత్తుకున్న మనిషి, దసరా సెలవుల్లో మన సంఘం వాళ్ళకు దేశాంతరం చూపిస్తానని పంతం పట్టి చూపించినవాడు, నాలుగు గంటలకు నెల్లూరులో గుడి ముందు బ్యాండుమేళం నిలబడి ఉంటుంది, పాదిరిగారు ఉంటారు, దండలు ఉంటాయి, అందుకేగా వాగు దగ్గర బస్సు ఆపించి అందరినీ ముఖాలు కడుక్కోమన్నది, సిలోను గుడ్డలు కట్టుకోమన్నది, బిడ్డల్ని బడికి తయారు చేసినట్టు తయారు చేసింది.

ఎన్ని చూశారు, చూశారా అసలు, తలైమన్నారు రేవు, కొలంబోలో సముద్రం ఒడ్డున గాలిపటాలు ఎగిరే మైదానం, క్యాండీ చెరువు, బౌద్ధుల గుడి, ఏనుగులు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి, ఏటిలో పడుకున్న ఏనుగును మావటి కొబ్బరి పీచుతో రుద్దుతుంటే ఎలిశబెతమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపి నీళ్ళలోకి దిగిపోయింది, నాకియ్యి నాయనా, గేదెల్ని తోమిన చేతులివి, మా విడవలూరులో నా సంగతి అడిగి చూడు అంటూ తెలుగులోనే, మావటికి ఏం అర్థమైందో పీచు ఇచ్చేశాడు, ఏనుగు తొండంతో ఆమె నెత్తిన నీళ్ళు కుమ్మరించింది, అది చూసి నవ్వలేక కరుణ గట్టు మీద కూలబడింది, అంతలోనే ఈల, ఆయన మెడలో వేలాడే డ్రిల్లు ఈల, పదండి పదండి, ఇంకా మూడు చూడాలి, సిగిరియా కొండ మీదా అదే ఈల, రాతి సింహం పాదాల దగ్గర కాపలావాడు వేలు పెదవి మీద పెట్టి పైన వేలాడే కందిరీగల తుట్టెలు చూపించాడు, సద్దు చెయ్యకండి అన్నాడు, ఎలిశబెతమ్మ రాతి మీద బొమ్మలు చూస్తూ నిలబడిపోయింది, ఈ ఆడబిడ్డలు ఎవరి బిడ్డలో, పూలు పట్టుకోని ఎవరికోసం నిలబడినారో అంటూ, ఆలస్యం అవుతోందని ఆయన ఈల వేశాడు, అంతే, తుట్టె కదిలింది, మబ్బు దిగినట్టు దిగాయి, ఇనప మెట్ల మీద అందరూ ఒకరి మీద ఒకరు, కొంగులు నెత్తిన కప్పుకుని కిందికి పరుగు, చచ్చాం అనుకున్నారు, కిందికి వచ్చి ఉబ్బిన పెదవులు చూసుకుని పడీపడీ నవ్వారు, కందిరీగల్ని ఎవరు రేపారన్న మాట ఎవరూ ఎత్తలేదు, కరుణ కూడా ఎత్తలేదు.

ఇప్పుడు ఎత్తుతున్నారు, కాంట్రాక్టరు క్రీస్తుదాసు గారు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డారు, ఏమయ్యా బాషా, ఎక్కినోళ్ళెవరు, ఎక్కనోళ్ళెవరు చూసుకోవద్దా, బండి నీదిగదా, బాషా రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు, అమ్మగారు హాజరు పిలిచినారు, అందరూ ఉండారు పోనీ అన్నారు, అప్పుడే కదిలించినా సార్, ఓహో, అయితే మా ఆడమనిషి మీదికి తోస్తావా, లేదు సార్, తొయ్యలేదు, జరిగింది చెప్పినా, జరిగింది మేం చెప్తాం లే స్టేషన్లో, ముసలామెకు ఏమన్నా అయితే నీ లైసెన్సు ఉండదు, నీ బండీ ఉండదు, బాషా గేరు మార్చి ఇంకా వేగంగా తోలాడు, అప్పుచేసి కొన్న బండి, మద్రాసు వెళ్ళే దారిలో ఎంత ముచ్చటగా చెప్పాడు, మా ఇంటిది ఆమినాబీ దీనికి దిష్టి తీసి గాని బయటికి పంపదమ్మా అని, ముందు సీటులోంచి ఆయన మెల్లగా అన్నాడు, పోనీలెండి కాంట్రాక్టరు గారూ, డ్రైవర్ల సంగతి తెలిసిందేగా, వాళ్ళకు బాధ్యత ఎక్కడ ఏడిసింది, ఆ మాట చెవిలో పడగానే కరుణకు ఎందుకో ఒళ్ళు వేడెక్కింది, ఎవరో పలికారు, లేని మనిషికి బదులు ఉండా అని పలికారు, అది బాషా నెత్తిన పడుతోంది, ఎవరు.

ఆనందకుమారి, ఆ నర్సు పిల్ల, నువరెలియాలో చలి మంట చుట్టూ కూర్చుంటే ఎలిశబెతమ్మ గొంతు దించేసి అందర్నీ నవ్వించింది, ఆమెనే ఉలిక్కిపడేట్టు చేసింది, అదేనా, కాదు, అది సాగదీసేది, పైగా ఇందాక తన ఎదురుగానే నిలబడి ఉంది, కుచ్చెళ్ళకు పెట్టాల్సిన పిన్నీసులు పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది, పలకాలన్నా పలకలేదు, కరుణ వంగి దాని కుచ్చెళ్ళు సర్దుతూనే ఒక్కొక్క పేరూ పిలిచింది, తల ఎత్తి చూడలేదు, తనకూ దండల మీదే ధ్యాస, తప్పే అది, సర్లే, తర్వాత ఏడవచ్చు, ముందు ఇది తేలాలి, ఎలిశబెతమ్మా అంది, వాన దడదడ, ఉండా, ఏ వైపునుంచి, ఆగు, తన ముఖం ఎటుంది, ఆనందకుమారి వైపు, అంటే వెనక వైపు, ఎలిశబెతమ్మ సీటూ వెనకే, జవాబు ఎదురుగా రావాలి, ఎదురుగా రాలేదు, వీపు వెనకనుంచి వచ్చింది, బస్సు ముందు భాగంనుంచి, ముందు భాగంలో ఉన్నవి రెండే సీట్లు, ఒకటి డ్రైవరుది, అయితే బాషానే, వాన ముదరకముందే వెళ్ళిపోదామని బాషానే పలికాడా, అబ్బా, నిజమే కావచ్చు అనుకోగానే ఎంత హాయిగా ఉంది, ఆ హాయికే సిగ్గేసింది, ఎందుకంటే ఇందాక ఉండా అని వినపడిన క్షణానే తన భుజం పక్క కిటికీకి బయటినుంచి టార్పాలిను దిగింది, తాడు ముడివేస్తున్న తడిసిన వేళ్ళు కనిపించాయి, వేలికి వెండి ఉంగరం, బాషా ఉంగరం, బాషా బయట వానలో ఉన్నాడు, ఇక మిగిలింది ఒక్క సీటు.

వాగు, వాగు కనిపించింది, ఇందాక ముఖాలు కడుక్కున్న వాగు కాదిది, ఎర్రగా బుసకొడుతూ కొమ్మల్నీ తుంగనూ సముద్రం వైపు ఈడ్చుకుపోతోంది, ఒడ్డున ఊరి జనం గొడుగులు, గోతాలు కప్పుకుని నిలబడి ఉన్నారు, నడుమ తాటిచెట్టున్న ఇసక తిప్ప మీద ఇద్దరు, ఇందాక వాగులో వల విసురుతూ పేరు చెప్పిన జాలరి రమణయ్యా, అతని పక్కన మోకాళ్ళ దాకా నీళ్ళలో ఎలిశబెతమ్మ, బతికి ఉంది, దేవా, బతికి ఉంది, వల విసరడం చూడాలని పోయి ఉంటుంది, చెప్పడానికి పోయి ఉంటుంది, అట్ట కాదు నాయనా విసిరేది అని, బాషా బస్సులోంచి దూకి పైన పెట్టెలకు కట్టిన తాడు లాగేశాడు, పెట్టెలు దొర్లి బురదలో పడ్డాయి, సిలోను పెట్టెలు, ఎవరూ అడ్డం చెప్పలేదు, తాడు ఒక కొస బస్సు బంపరుకు, ఒక కొస తన నడుముకు, దిగాడు, రొమ్ము దాకా, గడ్డం దాకా, ఒకసారి మునిగాడు, తాడు బిగిసింది, ఆనందకుమారీ కరుణా ఇంకో పదిమందీ తాడు పట్టారు, అరచేతులు చీరుకున్నాయి, లేచాడు, తిప్ప అందుకున్నాడు, ఎలిశబెతమ్మను వీపు మీద వేసుకున్నాడు, రమణయ్య వెనకనుంచి పట్టుకున్నాడు, లాగండి, లాగండి, ఒడ్డు, బురదలో పడి ముగ్గురూ రొప్పుతున్నారు, ఎలిశబెతమ్మ నోట్లో నీళ్ళు ఊసి, ఆ ఏనుగే నయం తల్లీ, నెత్తిన మాత్రమే పోసింది అంది, కరుణ ఆమెను కావలించుకుని నవ్విందో ఏడ్చిందో తనకే తెలియదు.

నవ్వు ఆగింది, రమణయ్య లేచి బాషా చొక్కా పట్టుకున్నాడు, బండి పోతుంటే నేనూ కేకలేసినా, ఈమే కేకలేసింది, వినపడలేదా, ముసల్దాన్ని ఏటి నడుమ వదిలేసి పోతావా, తాడేసి లాగినంత మాత్రాన సరిపొయ్యిందా, చుట్టూ జనం మూగారు, ఎవరో కర్ర ఎత్తారు, బాషా చేతులు కూడా ఎత్తలేదు, ఈ అమ్మగారు హాజరు పిలిచి అందరూ ఉండారని చెప్పినారన్నా, లేని మనిషికి ఎవరో ఉండా అని పలికినారు అన్నాడు, ఎవరా పలికినోడు, రమణయ్య బస్సు జనం వైపు తిరిగాడు, కాంట్రాక్టరు గారు చెప్పులు చూసుకున్నారు, ముందు సీటులోని ఆయన తడిసిన కోటు సర్దుకుంటూ ముందుకు వచ్చాడు, బడిలో మాట్లాడినట్టే మాట్లాడాడు, ఇప్పుడు అదంతా ఎందుకు నాయనా, ఆమె క్షేమంగా ఉంది, దేవునికి స్తోత్రం, డ్రైవరు సంగతి నేను నెల్లూరులో చూసుకుంటాను అన్నాడు, చూసుకుంటాడు, కందిరీగల్ని చూసుకున్నట్టే చూసుకుంటాడు, ఆయన కళ్ళు కరుణ కళ్ళలో పడ్డాయి, ఒక్క క్షణం, ఆమెకు తెలుసని ఆయనకు తెలిసింది, వద్దు అన్నాయి ఆ కళ్ళు, చెడ్డవాడు కాదు, ముసలామె ఎక్కే ఉంటుందనుకున్నాడు, రెండు నిమిషాలు మిగులుతాయనుకున్నాడు, అంతే, కాని ఆ అంతే ఇప్పుడు ఇంకొకడి మెడకు చుట్టుకుంటోంది, నీకు తెలుసు గదమ్మా, హాజరు పిలిచింది నువ్వే గదా, పేరు చెప్పు అంటున్నాడు రమణయ్య, పేరు, పెళ్ళయిన నాటినుంచి ఆమె నోట ఒక్కసారి రాని పేరు, జనాభా లెక్కలవాడు గుమ్మంలో నిలబడి అడిగితే పక్కింటామె చేత చెప్పించిన పేరు, ప్రార్థనలో దేవుడి ముందు కూడా మీ దాసుడు అని దాటవేసిన పేరు, మా అమ్మ పలకలేదు, అత్త పలకలేదు, పలికితే ఆయుష్షు తగ్గుతుందన్నారు, బాషా చొక్కా చిరిగిన చప్పుడు వినిపించింది, ఉన్నవాడి పేరు మింగడమూ లేని మనిషికి ఉండా అనడమూ ఒకటే పాపం అని ఆమెకు అప్పుడు, ఆ వానలో, స్పష్టంగా తెలిసింది, అతన్ని వదులన్నా అంది, హాజరు పిలిచే గొంతుతో, వాగు హోరు మీదుగా అందరికీ వినపడేట్టు అంది, ఉండా అని పలికింది మా ఆయన, జకరయ్య.