గోడ పక్కన రెండు చుక్కలు

"ఆ మొదటి చుక్క తీసెయ్. నువ్వు కర్ర వంకరగా పట్టుకున్నప్పుడు పడిందది," అన్నాడు భర్త, టీ కప్పు అందుకుంటూ.

ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చేతిలోని కాయ చేతిలోనే ఉంచుకుని, ముందుగదిలో సగం గీసి వదిలేసిన పటం వైపు చూసింది. కంప్యూటర్ తెర మీద, టైలరమ్మ ఇంటి గోడ దగ్గర రెండు చుక్కలున్నాయి. ఒకటి గోడకు కాస్త దూరంగా, బిల్డర్ కొన్న ఖాళీ స్థలం వైపు. ఇంకొకటి సరిగ్గా గోడ మొదట్లో. ఆమె పొద్దున మొదటి చుక్క మీదుగానే హద్దు గీత లాగింది.

"వంకరగా పట్టుకున్నానా?" అంది.

"ఫోన్‌లో మాట్లాడుతూ పట్టుకుంటే వంకరగా కాక ఎలా ఉంటుంది? రేపు బిల్డర్ ఈ పటం పర్మిషన్‌కి పెట్టాలి. హద్దు ఆయన స్థలంలోకి అంత లోపలికొస్తే ఆ పక్క వదలాల్సిన ఖాళీ చాలదు, పై అంతస్తు ఇవ్వరు. నీ ఒక్క చుక్క వల్ల ఆయన పనంతా ఆగాలా?"

ఆ ఇంటి ముందుగదే వాళ్ల ఆఫీసు. సర్వే లైసెన్సు అతనిది, గుమ్మం మీద బోర్డు అతనిది. పెళ్లికి ముందు ఆమె కూడా అదే చదువు చదివింది. ఇప్పుడు స్థలాల దగ్గర అతను కొలిచే మిషన్ వెనక నిలబడి చూస్తాడు. ఆమె అద్దం బిగించిన కర్ర పట్టుకుని ఎండలో మూల మూలకీ తిరుగుతుంది; కర్ర ఆనిన చోటల్లా మిషన్‌లో ఒక చుక్క పడుతుంది. ఇంటికొచ్చి వంటకీ బట్టలకీ మధ్య పటం గీస్తుంది. అతను సంతకం పెడతాడు. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంటుందండీ," అంటాడు, ముద్దుగానే.

కొలతల రోజు ఫోన్ వచ్చిన మాట నిజం. అత్తగారు చేశారు, బీపీ మాత్ర ఎక్కడుందని. "అలమారలో, పై అరలో చూడండి అత్తయ్యా," అని చెబుతూ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కర్ర నిలబెట్టింది. అంతవరకూ గుర్తుంది. ఆ తర్వాత మాత్రం అంతా మసక. హద్దు రాయి మీద నిలబడిందా, రాయి పక్కనా? అసలు రాయి చూసిందా, చూశాననుకుంటోందా? ఆమెకి ఈమధ్య ఏదీ తేలడం లేదు. కూరలో ఉప్పు వేశానని గట్టిగా అనుకుంటుంది, "వెయ్యలేదు, నీ ధ్యాస ఎక్కడుంటుందో," అంటాడతను, నిజమే కాబోలనిపిస్తుంది. మొన్న బీరువా తాళాలు కనబడకపోతే ఇల్లంతా వెతికి, "నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటాను, ఏమనుకోకండి," అని అత్తగారి దగ్గర తలవంచుకుంది. తీరా అవి అత్తగారి దిండు గలీబులోనే దొరికాయి. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా అనలేదు. పైగా, ఒకవేళ నేనే అక్కడ పెట్టానేమో అని చాలాసేపు ఆలోచించింది. ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ నీకేమీ గుర్తుండదంటుంటే, ఒక్క చుక్క విషయంలో తను మాత్రమే ఒప్పవుతుందా?

కంప్యూటర్ ముందు కూర్చుంది. చుక్క చెరిపెయ్యడం ఎంతసేపు? వేలు ఒకసారి నొక్కితే చాలు. నొక్కలేకపోయింది. అది ధైర్యమని చెప్పడానికి లేదు. ఏం చెయ్యాలో తోచక అలా ఉండిపోయింది, అంతే. చివరికి, "కూరగాయలు తెస్తాను," అని సంచీ పట్టుకుని బయటికి నడిచింది. కూరగాయలు ఇంట్లో ఉన్న సంగతి వీధి మలుపు తిరిగాక గానీ గుర్తుకు రాలేదు.

టైలరమ్మ కిటికీ దగ్గర మిషన్ కుడుతోంది. ఒంటరి మనిషి. ఈమెను చూసి గుర్తుపట్టి, కుట్టు ఆపి పెరటి తలుపు తీసింది. ఆ తలుపు నేరుగా రెండు చుక్కల మధ్య ఉన్న సన్నటి నేల మీదికే తెరుచుకుంటుంది. కుళాయి అక్కడే, బట్టలారేసే తీగ అక్కడే. హద్దు గోడ మొదట్లోకి జరిగితే ఆ తలుపు తీసి కాలు పెట్టడానికి కూడా చోటుండదు.

"ఆ రోజు నేను ఎక్కడ నిలబడ్డానో మీకేమైనా గుర్తుందా?" అని అడిగింది ఆమె. అడుగుతుంటేనే సిగ్గేసింది. తను ఎక్కడ నిలబడిందో ఇంకొకరిని అడగడమేమిటి!

"గుర్తులేకేం? మొదట రాయి మీదే నిలబడ్డారు. మీకు అడ్డమని నా బకెట్టు నేనే తీశాను. ఫోన్ పెట్టేశాక మీ ఆయన అటునుంచి కేకేశారు, అక్కడ కాదు, గోడ దగ్గరికి జరగమని. రాయి ఇక్కడుంది కదండీ అన్నారు మీరు."

"నేనన్నానా?"

"అయ్యో, అన్నారమ్మా! దానికాయన నవ్వి, 'మా ఆవిడకి కుడీ ఎడమా తెలీదు, ఏమీ అనుకోకండి' అన్నారు బిల్డర్‌తో. ఆయనా నవ్వాడు. మీరూ నవ్వారు."

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. తనన్న మాట తనకి గుర్తులేదు. తన నవ్వూ గుర్తులేదు. ఇలాంటివి ఇంకెన్నో, ఎన్నింటికి నవ్వేసి, నవ్విన చోటే వదిలేసి వచ్చిందో!

"ఇప్పుడేదీ రాయి?"

"నిన్న బిల్డర్ దాని మీద కంకర పోయించాడు."

ఇద్దరూ కూర్చుని చేతులతో కంకర తోశారు. అడుగున రాయి నెత్తి కనిపించింది. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టి చూసింది. గరుగ్గా, వెచ్చగా ఉంది.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది. "చిక్కుడుకాయలు సగంలో వదిలేసి రాళ్లు తవ్వడానికి వెళ్లిందా?" అన్నారు అత్తగారు. భర్త అరిచి ఉంటే ఎలా ఉండేదో గానీ, అతను అరవలేదు. పక్కన కూర్చుని మెత్తగా చెప్పాడు: "బాగా అలిసిపోయావు నువ్వు. పాత రాళ్లు జరుగుతుంటాయి. ఇవన్నీ మనసులో పెట్టుకోకు." ఆ మెత్తదనానికి ఆమె మళ్లీ అయోమయంలో పడింది. రాళ్లు జరుగుతాయా? జరుగుతాయేమో. ఆలోచిస్తూ ఉండగానే అతను చుక్క చెరిపి, గీత మార్చి, సంతకం పెట్టేశాడు.

మర్నాడు ఆమె టైలరమ్మకి ఫోన్ చేసి, "పర్మిషన్ ఇచ్చేలోగా, మీ ముందే మళ్లీ కొలవాలని మున్సిపల్ ఆఫీసులో అడగండి," అంది. ఫోన్ పెట్టాక, మొగుడి వెనక గోతులు తవ్వుతున్నానా అనుకుంది. లేదనీ చెప్పుకోలేకపోయింది, అవుననీ ఒప్పుకోలేకపోయింది.

ఆఫీసు నుంచి అధికారి వచ్చిన రోజు, "పద, కర్ర పట్టుకుందువు గాని," అని భర్తే ఆమెను వెంటపెట్టుకెళ్లాడు. తీరా వెళ్లి చూస్తే కంకర లేదు, రాయీ లేదు. నేలంతా చదును చేసి ఉంది. టైలరమ్మ వేలు చూపిస్తూ, "ఇక్కడే, ఇక్కడే ఉండేది," అంటోంది. బిల్డర్ నవ్వుతున్నాడు.

"మేం కొలిచినప్పుడు కూడా రాయేదీ లేదండీ," అన్నాడు భర్త.

అధికారి చుట్టూ చూసి, "ఇంకెవరైనా చూశారా?" అని అడిగాడు.

ఆమె నేల వైపు చూసింది. అంతా ఒకేలా ఉంది. ఇక్కడా? కాస్త అటా? భర్త కళ్లతోనే వద్దంటున్నాడు. ఆమె కర్ర పట్టుకుని నడిచింది, పెరటి మెట్టు దగ్గర ఆ రోజు తను కూర్చున్న చోటు చూసుకుంది, అక్కడి నుంచి చెయ్యి చాపినట్టుగా మనసులో చాపి చూసుకుని ఆగింది.

"ఇక్కడుందండీ రాయి. నేను చేత్తో ముట్టుకున్నాను."

"సరిగ్గా గుర్తుందా అమ్మా?"

ఆ ప్రశ్న ఆమెను ఎప్పుడూ ఎవరూ జవాబు కోసం అడగలేదు. "ఉందండీ," అంది.

అధికారి తనతో వచ్చిన కూలీని అక్కడ గునపం వెయ్యమన్నాడు. చుట్టూ గట్టినేల, అక్కడ మాత్రం గునపం మెత్తగా దిగిపోయింది. కొత్తగా పూడ్చిన మట్టి. బిల్డర్ నవ్వు ఆగింది. అధికారి వంగి గోతిలోకి చూసి, "పర్మిషన్ ఆపుతున్నాను. ఈ గోతి నుంచే మళ్లీ కొలవండి, నా కళ్లముందే," అన్నాడు.

భర్త ముఖం పాలిపోయింది. ఆమె దగ్గరికొచ్చి లోగొంతుకతో, "ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నాడు.

తెలియడం లేదు. ఇంటికెళ్లాక ఏమవుతుందో, రేపు పొద్దున ఆ ముందుగదిలో ఎవరు కూర్చుంటారో, ఏమీ తెలియడం లేదు. మిషన్ దాని మూడుకాళ్ల మీద ఖాళీగా నిలబడి ఉంది.

ఆమె కర్రను అతని చేతిలో పెట్టింది.

"మీరు పట్టుకోండి," అంది, మిషన్ వైపు నడుస్తూ. "నేను చూస్తాను."