రెండు తాళ్ళు, ఒకే వల

విజయనగరం అతిథిగృహం గేటు ముందు అసిరమ్మని పోలీసులు రోడ్డుమీద ఈడ్చేయడం మేం కళ్ళారా చూశాం. ఆమె చేసిన నేరమల్లా పరదేశపు రాయబారి కారుకి అడ్డంగా నిలబడి మొగుడి ఫొటో చూపించడం. తుపానుగాలికి ఆ మొగుడు జోగయ్య పడవ సముద్రంలో సరిహద్దు గీత దాటింది. పడవలోని వాళ్ళందరూ ఇప్పుడు ఆ రాయబారి దేశపు జైల్లో ఉన్నారు. నీళ్ళమీద గీత గీసిన మహానుభావుడే మా నుదుటి గీతా గీసినట్టున్నాడు.

కారు అద్దం దిగలేదు. అతిథిగృహంలో రాష్ట్రమంత్రితో కొత్త రేవు గురించి మాటలట. రాయబారం వాళ్ళది, భారం మాది.

భావనపాడుకి అవతలి గుల్లపేట మాది. ఆ దేశపు కంపెనీ రేవు కోరింది సరిగ్గా మా ఒడ్డునే, రెండు కొసలకీ కట్టిన తాళ్ళు పట్టి పెద్దవలని ఒడ్డుకి లాగే చోటునే. ఆ వల తాడుమీద చెయ్యేసిన ప్రతివాడికీ మేం చేపలో వాటా ఇస్తాం. దారినపోయేవాడు ఆఖర్న వచ్చి పట్టినా ఇస్తాం.

ఢిల్లీలో ఒక పార్టీ, రాష్ట్రంలో ఒక పార్టీ. టీవీలో ఒకరినొకరు కొరుక్కుంటారు. ఖైదీల సంగతి ఢిల్లీదంటుంది రాష్ట్రం. నేల సంగతి రాష్ట్రానిదంటుంది ఢిల్లీ. మేం చేసిన తప్పేమిటంటే ఆ కొట్లాటని నమ్మాం. మనవాళ్ళని విడిపించమని పేటలో సగం మంది రాష్ట్రపార్టీ మంత్రి జగన్నాధం గుమ్మం ఎక్కారు, సగం మంది ఢిల్లీపార్టీ మంత్రి నరసింగరావు గుమ్మం ఎక్కారు. ఒకరికి తెలియకుండా ఒకరు. ఆపైన పక్కింట్లో నవ్వు వినపడినా అనుమానమే, వాళ్ళకేం ముట్టిందోనని.

రేవుకి మా ఒప్పుదల అడిగే గ్రామసభ రేపనగా వలల పాకలో అందరం కూడాం.

"సభలో రేవుకి సేతులెత్తితే మనోలు ఇంటికొచ్చెత్తారు. జగన్నాధం బాబు మాటిచ్చినాడు," అన్నాడు జోగయ్య తమ్ముడు ఈశ్వర్.

సభలో చేతులెత్తడమంటే మాకు చేతులెత్తేయడమే.

అసిరమ్మ చెల్లెలు తులసి లేచింది. "అదేటి బావా, నరసింగరావు మాకూ అదే సెప్పినాడు. సేతులెత్తండి, ఢిల్లీ ఇడిపిస్తాదని."

"అబద్దాలాడకే."

"అబద్దాలాడ్డానికి నానేటి నీ పార్టీ దాన్నా?"

పాకంతా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మంత్రులు ఇద్దరు, మంత్రం ఒక్కటే.

"ఒరే ఈశ్వరూ," అంది అసిరమ్మ, "పెద్దవల లాగినప్పుడు నువ్వెక్కడుంటావు?"

"ఉత్తరం తాడు కాడ."

"మా తులసి దచ్చినం తాడు కాడ. ఇక్కడ అరిస్తే అక్కడ ఇనపడదు. మీకూ మీకూ పడదనుకుంటాది సేప. ఒడ్డుకొచ్చాక గాని తెలీదు దానికి, వల ఒకటేనని."



"సేతులెత్తకపోతే అన్నని అక్కడే ఒగ్గేస్తారేమో వదినా," అన్నాడు ఈశ్వర్ నేలచూపులు చూస్తూ.

అసిరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎత్తితే ఒగ్గరని ఎవుడు సెప్పినాడు? వచ్చినా, మీ అన్న ఏ ఒడ్డున దిగుతాడు?"

మర్నాడు గ్రామసభలో అధికారులకి కుర్చీలు మాత్రమే కనబడ్డాయి. పేట పేటంతా పెద్దవల తాడుని లారీకెక్కించుకుని విజయనగరం వచ్చేసింది. అతిథిగృహంలో ఆ రోజే రేవు ఒప్పందం. అందులో ఒప్పెంతో తెలియదు గాని పందెం మాత్రం మేమే.

గేటుకి అడ్డంగా తాడు పరిచి పట్టుకు నిలబడ్డాం. లోపల్నుంచి కారొకటి వచ్చి తాడు ముందు ఆగింది. వెనకసీట్లో జగన్నాధం, నరసింగరావు పక్కపక్కనే ఉన్నారు.

"సూసినావా బావా," అంది తులసి. "టీవీలో సోటు సాల్లేదు గాని కార్లో సరిపోయినాది."

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "ఖైదీల ఇంటివాళ్ళు మాత్రం లోపలికి రండి, మాట్లాడిస్తాం. మిగతావాళ్ళు పొండి."

ఎవరూ కదల్లేదు.

"మీ నాయకుడెవడు? వాడొక్కణ్ణీ అప్పగించండి."

"మా పేటలో తాడు పట్టినోలందరికీ వాటా ఉంటాది బాబూ," అంది అసిరమ్మ. "అరెస్టైనా అంతే."

ముందు అసిరమ్మని ఎక్కించారు. తర్వాత ఈశ్వర్ని. వ్యాను నిండిపోయింది. రోడ్డుమీద తాడు ఇంకా బోలెడు మిగిలింది, పట్టుకున్న చేతులూ మిగిలాయి. స్కూటరు ఆపి అంతసేపూ చూస్తున్న కాలేజీ అమ్మాయి ఒకతె బండికి స్టాండు వేసి దగ్గరికొచ్చింది.

"ఎక్కడ పట్టుకోవాలి పిన్నీ?"

తులసి కాస్త జరిగి చోటిచ్చింది.