స్వీటీకి చేసిన టెస్టు

పాలు పిండేటప్పుడు బకెట్ పెట్టే ముందు మొదటి రెండు ధారలు అరచేతిలోకి పిండి చూడటం ఆండాలుకు అత్త మాణిక్యమ్మ నేర్పిన అలవాటు. పోయిన దసరాకు స్వీటీ అనే బర్రెకు పొదుగు చెడిందని అట్లాగే అందరికంటే ముందు కనిపెట్టింది. ఇంత చూపున్న మనిషి తన కాలిని మాత్రం ఆరు నెలలు చూసుకోలేదు. అట్లా అనడం కూడా అన్యాయమేలెండి, చూసుకునే తీరిక ఆమెకు ఎవరిచ్చారు?

నిరుడు కొట్టంలో జారిపడితే కాలి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ఉక్కు ప్లేటు వేశారు. కుట్లు మానాక మూడో నెలలో పక్కనే చిన్న రంధ్రం పడి చీము కారసాగింది. "చలికి గట్లనే ఉంటది," అన్నాడు భర్త అంజన్. అత్త పసుపు అద్దింది. ఎక్కువైనప్పుడల్లా అంజన్ మందుల దుకాణం నుంచి ఐదు రోజుల గోలీలు తెచ్చేవాడు, ప్రేమగానే, ఉస్మానియా బిస్కెట్లతో సహా. ఆరేది, మళ్లీ కారేది. పాత చీర పీలిక చుట్టుకుని నాలుగు బర్రెలనూ ఆమే పిండేది.

నిన్న ఒక్కతే ఆటో ఎక్కి, నయాపూల్ వంతెన దాటి ఎముకల డాక్టర్ అభిజ్ఞ దగ్గరికి పోయింది.

"లోపల ఎముకకే చీము పట్టినట్టుందమ్మా. పైపైన చూస్తే తెలవదు. ఎముక దగ్గర నాలుగైదు చోట్ల ముక్కలు తీసి టెస్టుకు పంపాలె. అంతకుముందు రెండు వారాలు గోలీలు బంద్. గోలీ పడితే అది ఏ క్రిమో టెస్టుల తెలవదు. జ్వరమొస్తే ఆగకుండ రా. కాలు మీద బరువెయ్యకు. ఇంక ఆలస్యమైతే కాలికే ముప్పు."

పొద్దున్నే అంజన్ గోలీలు చేతిలో పెట్టబోయాడు. ఆండాలు విషయమంతా చెప్పి, వద్దంది.

"రెండు వారాలా? మరి పాలెవరు పిండాలె?"

ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం కంటే దిగులే ఎక్కువ కలిగింది.

"స్వీటీకి పొదుగు వాస్తే అదే దినం డాక్టర్‌ను పిలిచినవ్. సూది ఏయకముందే పాలు సీసాల పట్టి టెస్టుకిచ్చినవ్. పదిహేను రోజులు దాని పాలు పారబోసినం. పాలేవని దాన్ని ఒక్కసారన్న అడిగినవా?"

అంజన్ కింద కూర్చుని, ఆరు నెలల్లో మొదటిసారి ఆ పీలిక విప్పి చూశాడు. చాలాసేపు చూసి, గోలీలు జేబులో వేసుకున్నాడు.

మాణిక్యమ్మ బకెట్ తెచ్చి కొడుకు ముందర పెట్టింది. ఆండాలు మంచం మీద కాలు చాపుకుంది.

"ముందుగాల రెండు ధారలు చేతిల పిండి చూడు," అంది.