పేరు చెక్కిన డబ్బా

రమణిని నేను చాలా విషయాల్లో ఆపలేకపోయాను. అందులో డబ్బా ఒకటి.

ఆమె హైస్కూల్లో సోషల్ టీచరు. నాది గిద్దలూరులో జెరాక్స్ షాపు. పెళ్లయిన రెండో ఏడు హైదరాబాదులో వాళ్లక్క ఇంటికి వెళితే, అక్క ఫోనులో ఒక ఆట చూపించింది. ఎవరో ఒక డబ్బాను ఊరవతల దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మ్యాపులో అక్కడొక చుక్క పడుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వెతుక్కుంటూ వచ్చి, డబ్బాలోని పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి పోతారు. లోపలి నుంచి ఏదైనా తీసుకుంటే దానికి తీసిపోనిది ఇంకొకటి పెట్టాలి. దీన్ని జియోకాషింగ్ అంటారు. మా నాయనకు చెబితే పనీపాటా లేనివాళ్లు అన్నాడు. నాకూ అంతకన్నా మంచి పేరు తోచలేదు.

ఆ రోజు మేమిద్దరం మూడు గంటలు ఎండలో తిరిగి, ఒక గుట్ట వెనక రాళ్లలో మాత్రల సీసా అంత డబ్బా పట్టుకున్నాం. రమణి ఆ పుస్తకంలో మా ఇద్దరి పేర్లు రాసింది. పెళ్లి రిజిస్టరులో కూడా అంత శ్రద్ధగా రాయలేదు. అప్పటినుంచి నా ఆదివారాలు నావి కాకుండా పోయాయి.

ఇంటికొచ్చాక ఆమె మ్యాపు తెరిచి మా వైపు ఊళ్లు వెతికింది. మార్కాపురం, పెద్దారవీడు, గిద్దలూరు, రాచర్ల, ఎక్కడా ఒక్క చుక్క లేదు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. దానికి కారణం ఉంది. బీఈడీ చదివిన రోజుల నుంచి నిన్నటి ట్రైనింగు దాకా ఎక్కడికి పోయినా ఆమెను ఒకటే మాట అడిగారు. "గిద్దలూరా? అక్కడ చూడ్డానికేముందండీ?" ఆమె తన ఊరి దగ్గరున్న ఎర్రబండ గురించి చెప్పడం మొదలుపెట్టేది. రెండో వాక్యం దాకా ఎవరూ ఆగలేదు.

"మన చోటుకు ఒక్క చుక్క పడాల," అంది. "ఊరుగాని ఊరి నుంచి ఒక్కరు వెతుక్కుంటా వచ్చి ఎర్రబండ చూసి పోతే చాలు నాకు."

ఎర్రబండ రాచర్ల మండలంలో ఉంది. పైకెక్కితే ఒకవైపు నల్లమల, ఇంకోవైపు దూరంగా గుంటూరు రైలు కనిపిస్తాయి. మధ్యలో అంతా మేకలు.

ప్లాస్టిక్ డబ్బా అయితే ఆ మేకలు నమిలేస్తాయని స్టీలు డబ్బా పెట్టాం. మా పెళ్లికి వచ్చినవాటిలో ఒకటి. మూత మీద మా ఇద్దరి పేర్లు, కింద పెళ్లి తేదీ, దాని కింద ఇచ్చినాయన పేరు మిషనుతో చెక్కి ఉన్నాయి. మా వైపు పేరు చెక్కని గిన్నె ఇస్తే పెళ్లికి రానట్టే లెక్క. లోపల ఒక నోటుబుక్కు, పెన్సిలు, రెండు గోలీలు, మార్కాపురం పలక ముక్క ఒకటి పెట్టాం. 'ఇది ఆట, దయచేసి ఇక్కడే ఉంచండి' అని నేనే ప్రింటు తీసి లామినేషన్ చేసి లోపల పెట్టాను. డబ్బాను బండ సందులో దాచి, ఆ చోటు యాప్‌లో ఎక్కించాం. మొదట కనుక్కున్నవాళ్లు నోటుబుక్కులో మొదటి గీత మీద పేరు రాస్తారు. ఈ ఆటలో ఆ గీతకు చాలా గౌరవం.

తొమ్మిదో రోజు ఆ డబ్బా చంకన పెట్టుకుని మా షాపు ముందు ఆటో దిగాడు కాటమరాజు. అరవై ఏళ్లుంటాయి. రమణి ఊరే, మేకలు కాస్తాడు. ఆ లెక్కన ఆమెకు చిన్నాయన, నాకు మామ.

"ఎర్రబండ కాడ మర్చిపోయి వచ్చినారల్లుడా," అన్నాడు. "మేకపిల్ల సందులో ఇరుక్కుంటే చెయ్యి పెట్టినా, ఇది తగిలింది. నాకు చదువు రాదు గదా, దుకాణంలో మూత చూపిస్తే మీ పేర్లని చెప్పినారు. పేరున్న గిన్నె పోగొట్టుకోకూడదు నాయనా."

లోపలి సామానంతా కవరులో కట్టి విడిగా తెచ్చాడు. డబ్బా నిండా మేకపాల జున్ను ఉంది. ఉత్త గిన్నె తిరిగి ఇయ్యకూడదు గదా అన్నాడు. ఒక గోలీ మాత్రం మనవరాలు తీసుకుందని చెప్పాడు. ఆటో చార్జీ ఇవ్వబోతే కోప్పడ్డాడు. ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చాం. జరిగింది చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. నోట్లో జున్ను ఉండటం ఒక కారణం.

ఆదివారం మళ్లీ వెళ్లి ఇంకాస్త పైన, వేరే సందులో దాచాం. ఈలోగా నంద్యాల నుంచి కరుణాకరం అనే బ్యాంకు ఉద్యోగి వచ్చి చూసి, యాప్‌లో 'దొరకలేదు' అని రాసిపోయాడు. పదిహేను రోజులకు కాటమరాజు సీతాఫలాలు నింపిన డబ్బాతో ఇంటికే వచ్చాడు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే కరుణాకరం బండ దగ్గర రెండోసారి వెతుకుతున్నాడు. 'మళ్లీ దొరకలేదు. అసలు ఉందా?' అని రాశాడు. వెంటనే యాప్‌వాళ్ల నుంచి రమణికి మెసేజి వచ్చింది. ముప్పై రోజుల్లో డబ్బా ఉన్నట్టు తేలకపోతే చుక్క తీసేస్తారట.

"మళ్లా మర్చిపోయినారు," అంటున్నాడు కాటమరాజు, టీ తాగుతూ. "వయసులో ఉండారు, ఇట్లయితే ఎట్ల."

రమణి ఫోను పక్కన పెట్టింది.

"మర్చిపోయింది గాదు చిన్నాయనా. కావాలనే దాచినాం. ఒకరు దాస్తే ఇంకొకరు కనుక్కుంటారు. ఆట."

"ఎవరు కనుక్కోవాల?"

"ఎవరైనా."

"నేను కనుక్కున్నా గదా. రెండుతూర్లు."

"నువ్వు గాదు చిన్నాయనా. బయటినుంచి వచ్చేటోళ్లు. మనోళ్లు కనుక్కుంటే అది లెక్కకు రాదు."

కాటమరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఔలేమ్మా," అన్నాడు. సగం టీ వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

"ఏమన్నాను నేనిప్పుడు?" అంది రమణి. నాకు తెలుసు. కానీ చెప్పలేదు. ఇంట్లో ఇద్దరిలో టీచరు నేను కాదు.

డబ్బా మూడోసారి దాచాం. ఆదివారం ఆఖరిసారి వస్తానని కరుణాకరం రాశాడు. దాచినవాళ్లే పక్కన నిలబడి చూపిస్తే ఆట కాదని మేము ఇంట్లోనే ఉన్నాం. వీధిలో ఆటో ఆగినప్పుడల్లా రమణి గేటు దాకా వెళ్లి వచ్చింది. కాటమరాజు డబ్బా తెస్తాడని ఒక భయం, అలిగి ఏ బావిలోనో పడేశాడేమోనని ఇంకో భయం. నేను మాత్రం పేపరు చదివాను. అదే పేజీ నాలుగుసార్లు.

నాలుగింటికి ఫోను మోగింది. రమణి పైకి చదివింది.

'దొరికింది. బండ కింద మేకల కాపరి ఒకాయన కూర్చుని ఉన్నారు. డబ్బా ఎక్కడుందో తెలుసా అంటే తెలుసన్నారు. చెప్పమంటే, చెబితే ఆట ఎట్లయితది అన్నారు. రెండు గంటలు వెతికాను. మధ్యలో మజ్జిగ ఇచ్చారు. దొరికాక మొదటి గీత మీద పేరు రాయబోతే చెయ్యి పట్టుకున్నారు. నీకన్నా ముందు ఒకరు రెండుతూర్లు కనుక్కున్నారు, లెక్కకు రాదంట, అయినా ఆ గీత వదిలెయ్ అన్నారు. వదిలేసి రెండో గీత మీద రాశాను. పైనుంచి రైలు చూశాను. ఇక్కడ ఇంత ఉందని తెలియదు.'

ఆ చివరి వాక్యం కోసమే రమణి ఇన్నేళ్లు ఎదురుచూసింది. కానీ దాని దగ్గర ఆగలేదు. వెనక్కి వెళ్లి 'లెక్కకు రాదంట' అన్నచోట ఆగింది. కళ్లు తుడుచుకుంది.

"నన్ను అందరూ అన్నట్టే నేనాయన్ని అన్నాను," అంది. "సిగ్గేస్తాంది నాకు."

నాకూ సిగ్గుగానే ఉంది. చుక్క కోసం తిరిగినన్నాళ్లూ, మొదటి గీత మనిషి మా ఇంట్లో కూర్చుని టీ తాగుతూనే ఉన్నాడు.

తర్వాతి ఆదివారం రమణి శనగపప్పు, బెల్లం కూరి, నెయ్యి వేసి భక్షాలు చేసింది. నేను షాపు నుంచి స్టాంపు ప్యాడు తెచ్చాను. ఎర్రబండ దగ్గర కాటమరాజు మమ్మల్ని చూసి లేవలేదు. రమణి గిన్నె ముందు పెట్టింది. అదీ పేరు చెక్కిందే. ఆయన మూత తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మర్చిపోయేదా, దాచేదా?"

"తినేది," అంది రమణి. "తప్పు నాది చిన్నాయనా. మొదటి గీత నీదే."

"రాసేది రాదు గదమ్మా నాకు."

నేను సందులోంచి డబ్బా తీసుకొచ్చి, పుస్తకం తెరిచి, ప్యాడు ముందు పెట్టాను. ఆయన తొందరపడలేదు. ముందు రెండు భక్షాలు తిన్నాడు. తువ్వాలుకు చెయ్యి తుడుచుకుని, మొదటి గీత మీద బొటనవేలు ఒత్తాడు. ఊదారంగు ముద్ర పడింది, చుట్టూ నెయ్యి మరక. దాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

"రెండుతూర్లు గదా కనుక్కునింది," అన్నాడు.

రమణి ప్యాడు మళ్లీ ముందుకు జరిపింది.