హౌసాబాయి నల్లపొడి

మరాఠీ ఊరు కరాడ్ పక్క పల్లెల్లో అరవై దాటిన ఆడవాళ్లకు మిశ్రీ లేనిదే తెల్లవారదు. పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి, మెత్తగా నూరి, చూపుడువేలితో పళ్లకు రుద్దుకుంటారు. పేరుకు పళ్లు తోముకోవడమే గానీ, అసలు సంగతి ఆ మత్తు. హౌసాబాయి నలభై ఏళ్లుగా ఇంటిమెట్టు మీద కూర్చుని రోజూ అరగంట రుద్దుతోంది. ఎదురింటి గంగూబాయి ఆవిడ మెట్టు మీద ఆవిడ రుద్దుతుంది. నోట్లో వేలు ఉండగానే ఇద్దరూ ఊరి సంగతులన్నీ ఆరబోస్తారు. ఎలా మాట్లాడతారో ఆ దేవుడికే తెలియాలి.

హౌసాబాయి మనవరాలు ఓవీకి నాలుగేళ్లు. బ్రష్ కనిపిస్తే చాలు, పెదాలు బిగించేసి మంచం కింద దూరుతుంది. అంగన్‌వాడీకి వచ్చిన పళ్ల డాక్టరు పిల్ల నోరు తెరిపించి చూసి, రెండు పళ్లు పుచ్చుతున్నాయని, ఇలాగే వదిలేస్తే పీకాల్సి వస్తుందని చెప్పి పోయాడు. తల్లి సారికకు గుండెల్లో రాయి పడింది. ఆమెకు రోజూ ఏడింటికి బస్సు. ఆ లోపలే బతిమాలేది, బుజ్జగించేది, రెండు అంటించేది. పేస్టు మండుతుందని ఓవీ ఏడ్చేది. ఏమీ మండదని సారిక కసిరేది.

ఈ రోజువారీ యుద్ధం చూడలేక హౌసాబాయి రంగంలోకి దిగింది. "దీన్ని నాకొదిలెయ్. ముగ్గురు మగపిల్లల్ని పెంచినదాన్ని" అంది.

"ఆ ముగ్గురికీ కలిపి ఇప్పుడు ఎన్ని పళ్లున్నాయి ఆత్యా?" అని అత్తగారిని అడిగింది సారిక.

హౌసాబాయి బుర్రలో అప్పటికే ఒక ఉపాయం తిరుగుతోంది. తను మిశ్రీ రుద్దుకునేటప్పుడు ఓవీ పక్కనే చేరి, వట్టి వేలితో చిగుళ్లు రుద్దుకోవడం చాలాసార్లు చూసింది. బాదం పెంకులు కాల్చి, నూరి, చిటికెడు ఉప్పు కలిపి, అచ్చం తన మిశ్రీ డబ్బీ లాంటి డబ్బీలో పోసి పిల్ల చేతికిచ్చింది. మర్నాటి నుంచి మెట్ల మీద ముగ్గురయ్యారు. ఓవీ కాలు మీద కాలు వేసుకుని, నల్లటి నోటితో, గంగూబాయి చెప్పిన ప్రతిదానికీ తల ఊపేది. వారం తిరిగేసరికి హౌసాబాయి తన గెలుపు గురించి వీధి వీధంతా చెప్పుకుంది.

సారిక మాత్రం సంతోషించలేదు. పిల్లకు ఆత్యా నేర్పింది పళ్లు తోముకోవడమా, మిశ్రీ రుద్దుకోవడమా అని అడిగింది. కోడలికి కుళ్లు అనుకుంది హౌసాబాయి.

తొమ్మిదో రోజు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని హౌసాబాయి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఓవీ తన పొడి అయిపోయిందని, తను ఆజీ అని పిలిచే నానమ్మ డబ్బీ మూత తీసింది. వేలు నిండా మిశ్రీ. ఆ వేలు నోటి దగ్గరికి పోతోంది. హౌసాబాయి ఒక్క ఉదుటున వచ్చి చేతి మీద ఫెడేలున కొట్టింది. డబ్బీ ఎగిరి మురిక్కాలవలో పడింది. సారిక పరుగున వచ్చి పిల్ల నోరు తెరిపించి చూసింది. నోట్లోకి పోలేదు.

ఆజీ చేతి దెబ్బ తినడం ఓవీకి అదే మొదలు. ఏడవడం కూడా మర్చిపోయి, "నీదీ నల్లగానే ఉంది కదా ఆజీ. నేనెందుకు రుద్దుకోకూడదు?" అంది.

"అది చెడ్డదే తల్లీ."

"మరి నువ్వెందుకు రుద్దుకుంటావు?"

మాటకు మాట అప్పజెప్పడంలో ఊళ్లో పేరున్న హౌసాబాయి ఆ పూట తల వంచుకుని, మెట్టు మీద ఒలికిన నల్లపొడిని కొంగుతో తుడవసాగింది. ఎదురుమెట్టు మీద గంగూబాయి కూడా తల వంచుకుంది. దెప్పడానికి సారికకు అంతకన్నా మంచి అదను దొరకదు. అయినా ఏమీ అనకుండా సంచీ తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది. హౌసాబాయికి అదే ఎక్కువ తగిలింది.

డబ్బీ మురిక్కాలవలోనే ఉండిపోయింది. మిశ్రీ లేక రెండు రోజులు హౌసాబాయికి తల పగిలిపోయేలా నొప్పి పెట్టింది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది, దారిన పోయే కోడితో పోట్లాడింది. పిల్ల పళ్లు తోముకోవడం మానేసి మళ్లీ మంచం కింద చేరింది. మూడో రోజు గంగూబాయి జాలిపడి తన డబ్బీ తెచ్చి చాపింది. ఒక్క చిటికెడుకు ఏమీ కాదంది. హౌసాబాయి చెయ్యి సగం దాకా వెళ్లింది. తలుపు చాటు నుంచి ఓవీ కళ్లార్పకుండా చూస్తోంది. హౌసాబాయి ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగులో దాచుకుంది. సాయంత్రం సారిక బస్సు దిగగానే, తనకో బ్రష్ కొనుక్కు రమ్మని మళ్లీ బజారుకు పంపింది.

మర్నాడు ఆ మెట్టు మీద హౌసాబాయి గడ్డం నిండా నురగతో కూర్చుంది. పాలకు వెళ్లేవాళ్లు ఆగి మరీ నవ్వారు. ఓవీ మెల్లగా మంచం కింది నుంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మండుతోందా ఆజీ?"

మండదని చెప్పమని లోపలి నుంచి సారిక చేతులు ఊపుతోంది. హౌసాబాయి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మండుతోందే తల్లీ. నాలుక ఊడొచ్చేలా ఉంది."

ఓవీ ముఖం చాటంత అయింది. "నేను చెప్తే ఎవరూ నమ్మలేదు" అంది. ఆజీ పక్కన చతికిలబడింది.

"నాకు కొంచెమే వెయ్యి" అని నోరు తెరిచింది.