గుర్రాన్ని చంపుకున్న సేనాపతి

సౌదీలో, కువైట్ సరిహద్దు ఊరు ఖఫ్జీలో నా కొడుకు ఇష్తియాక్ కంపెనీ లారీ నడిపేవాడు. నేను అదే క్యాంపు మెస్సులో రొట్టెలు చేసేదాన్ని. వాడు బండెక్కిన ప్రతిసారీ నాకు యాక్సిడెంటే కళ్లముందు కనిపించేది.

కువైట్ కోసం ఇరాక్‌తో యుద్ధం ముంచుకొస్తున్న ఆ జనవరిలో పోలండ్ ఇంజనీరొకాయన తన వంశంలోని పాతకాలపు సేనాపతి కథ వాడికి చెప్పాడు. వాడొచ్చి నాకు చెప్పాడు. ఆ సేనాపతి జమీందారు బిడ్డ. మీసాలు రాకముందే గుర్రమెక్కాడు. మంచుదేశాల్లో గెలిచి, రాజు చేతుల మీదుగా సేనాపతి చేతికర్ర అందుకున్నాడు. ముసలితనంలో టర్కీ సేన చుట్టుముట్టింది. బండ్లను గొలుసులతో కోటలా కట్టి, వాటి నడుమ సైన్యాన్ని వెనక్కి నడిపించాడు. పెద్దాయన పారిపోతాడేమోనని సిపాయిలు గొణిగితే, అందరి ముందూ తన గుర్రాన్ని పొడిచి చంపాడు.

"అప్పుడన్నా నిలబడినారా వాళ్లు?" అన్నాను.

"యాడమ్మా! సరిహద్దు కనపడంగానే ఎవని దోవ వానిది. ఆయప్ప తల నరికి తీస్కపోయినారు."

"వాళ్లమ్మకు ఎవరు చెప్పినారో!"

"ముసిలాయనకు ఇంకా అమ్మ యాడుంటాదే? నీకు యుద్ధంలో గూడా అమ్మే కావల్లా?" అని నవ్వాడు.

ఒకరోజు క్యాంపు పెద్దలంతా చెప్పకుండా దమ్మాం వెళ్లిపోయారు. మా పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే. మిగిలింది నా కొడుకు లారీ ఒక్కటే. తెల్లవారి అందరం బయలుదేరాలనుకున్నాం.

"నీకేంది భయ్, తాళం నీ చేతులున్నది. మీ అమ్మను ఎక్కించుకొని ముందే జారుకుంటవ్," అన్నాడు నిజామాబాద్ నర్సింలు.

వాడు తాళం తీసి నర్సింలు చేతిలో పెట్టాడు. "ఇదో, నా గుర్రం సచ్చిపాయ. ఇంక నమ్ముతావా?"

"కత అంతా తెలిసి గూడా ఇదేం పనిరా!" అని వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడు మళ్లీ నవ్వాడు.

పొద్దున అజాన్‌కు ముందే గుండ్లు పడ్డాయి. నన్ను లారీ ఎక్కించి, జ్వరంతో లేవలేని అబ్దుల్ ఘనీని తేవడానికి వాడు వెనక గదులవైపు పరిగెత్తాడు. లారీ కదిలింది. "నా బిడ్డ రాలేదు, ఆపండ్రా!" అని రేకులు బాదాను. నర్సింలు ఆపలేదు.

ఇరాక్ సేన పోయి ఊరు మళ్లీ సౌదీ చేతికొచ్చాక వెళ్లి చూశాను. గదులు కూలిపోయి ఉన్నాయి. అబ్దుల్ ఘనీ శవం దొరికిందన్నారు. నా బిడ్డ దొరకలేదు. ఆ ఇంజనీరు అక్కడే కనబడ్డాడు. ఒక డ్రైవరు చేత మిగతా కథ అడిగించాను. సేనాపతి తలను ఇంటివాళ్లు తర్వాత తెచ్చుకున్నారట. ఒంటితో కలిపి పూడ్చారట.

ఇప్పుడు బురైదాలో వంటపని. ప్రతి రంజానుకూ నన్ను పనిలో పెట్టుకున్న కఫీలు, ఇంటికి పొమ్మని పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టిస్తానంటాడు. వద్దంటాను. వాడొస్తాడని కాదు. ఏ ఇసుకలోనో ఎముకలు బయటపడితే, ఇవి ఎవరివని అడిగితే, నావాడివని చెప్పడానికి ఈ దేశంలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఈమధ్య నాకు గుండెలో నొప్పి వస్తోంది.