కట్టు కింది తడి

"కాలు దించమ్మాయ్. మీ మావయ్యగారొస్తున్నారు," అంది అత్తగారు అమలమ్మ.

డయానా కాలు దించింది. దించగానే మోకాలి నుంచి చీలమండ దాకా బరువు జారింది. కట్టు బిగిసింది. ఆమోసు గేటు వేసి లోపలికి వచ్చాడు. చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, పొద్దున చదివిన పేపరే మళ్ళీ తీశాడు. కోడలి కాలు పైన ఉందో కింద ఉందో ఆయన చూడలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూసినట్టు లేదు. చూస్తాడని ఇంట్లో ఆడవాళ్ళు అనుకుంటే చాలు. ఆయన పని అంతటితో అయిపోతుంది.

పుండు ఎడమ చీలమండకి పైన, లోపలి వైపు. ముందు అక్కడ చర్మం నల్లబడింది. దురద పెట్టింది. తర్వాత షాపులో అట్టపెట్టె అంచు గీరుకుంది. గీరుకున్నది మానలేదు, వెడల్పయింది. షాపు విజయవాడ గవర్నర్‌పేటలో. చీరల సెక్షన్‌లో డయానా పని. పొద్దున కొండపల్లిలో బస్సెక్కినప్పుడు సీటు దొరికితే కూర్చునేది. మళ్ళీ సాయంత్రం బస్సు దాకా నిలబడటమే. ఆ షాపులో కొనేవాళ్ళకి కుర్చీలున్నాయి. వాళ్ళ వెంట వచ్చి విసుక్కునే మగవాళ్ళకి సోఫా ఉంది. అమ్మేవాళ్ళకి ఏమీ లేదు. ఒకసారి గిరాకీ లేనప్పుడు ఆమె ఖాళీ పెట్టె బోర్లించుకుని కూర్చుంది. ఓనరు కొడుకు కిరీటి కెమెరాలో చూసి తనే దిగి వచ్చాడు. కోప్పడలేదు. "అక్కా, మీరు కూర్చుంటే షాపు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుందండీ," అన్నాడు. మర్యాద తెలిసినవాడు. అక్కా అంటాడు, అండీ అంటాడు, కూర్చోనివ్వడు.

కాళ్ళు లాగుతున్నాయని ఇంట్లో చెప్పినప్పుడల్లా భర్త యేసుబాబుది ఒకటే మాట. "నేను బాయిలర్ పక్కన మాడి వస్తన్నా. నువ్వు ఏసీలో నుంచోడానికి ఏడుస్తన్నావు." అతనికి కరెంటు తీసే థర్మల్‌లో కాంట్రాక్టు పని. డ్యూటీ దిగి వచ్చి టీవీ ముందు కుర్చీలో కూర్చుని రెండు కాళ్ళూ చెక్క స్టూలు మీద పెడతాడు. ఆమె కింద కూర్చుని ఆ కాళ్ళకి బామ్ రాస్తుంది. పెళ్ళయిన కొత్తలో అది ప్రేమ. తర్వాత అలవాటు. ఇప్పుడు పేరేమీ లేదు. బామ్ సీసా అయిపోతే కొత్తది తెస్తుంది, అంతే.

పుండుకి అందరూ చెప్పినవన్నీ చేసింది. యాంటిబయోటిక్ పొడి చల్లింది. గాజుగుడ్డ కట్టింది. రోజూ ఆ గాజుగుడ్డ పుండుకి అంటుకుపోయి, లాగితే రక్తంతో ఊడి వచ్చేది. పడుకునేటప్పుడు విప్పి ఫ్యాను గాలికి ఆరబెట్టింది. తెల్లారేసరికి పక్కు కట్టేది. షాపులో మధ్యాహ్నానికల్లా ఆ పక్కు చిట్లి చీర అంచుకి నీరు అంటేది. విజయవాడలో ఆపరేషన్లు చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి ఎట్టకేలకు వెళితే, ఆవిడ కాలు పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసి, రక్తాన్ని పైకి పంపే నరాల్లో తలుపుల్లాంటివి ఉంటాయని, నిలబడి నిలబడి అవి పాడయ్యాయని చెప్పింది. పైకి పోవలసిన రక్తం కిందే ఆగుతోందట. ఇన్నాళ్ళూ పుండుని ఆరబెట్టడమే తప్పట. ఎండిన పుండు మీద కొత్త చర్మం పాకలేదు, దానికి తడి కావాలి అంది.

మణెమ్మ అనే పెద్ద నర్సు తెల్లటి పీచు గుడ్డ ముక్క ఒకటి కత్తిరించి పుండులో సర్దింది. దూదిలా మెత్తగా ఉంది. సముద్రపు నాచు నుంచి తీసిన పీచట. పుండులో ఊరే నీటిని తాగి అది జెల్ అవుతుందట. ఆ జెల్ తడిని పోనివ్వదు, పుండుకి అంటుకోదు, తీసేటప్పుడు నొప్పి ఉండదు. పామర్రులో పుట్టిన డయానాకి నాచు అంటే కాలవ మెట్ల మీద కాలు జారేది. అది ఒకరి గాయంలో పడుకుని పనిచేస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పైన మెత్త పెట్టి, వేళ్ళ దగ్గర నుంచి మోకాలి దాకా బిగువు పట్టీ చుట్టి మణెమ్మ చెప్పింది: "కాస్త వాసనొస్తుంది, పచ్చగా కనబడుతుంది. భయపడి విప్పమాక. మళ్ళీ నేనే విప్పుతా. పీచు తడిని పట్టుకుంటుందమ్మా. నువ్వు నిలబడితే మాత్రం అదేం చెయ్యలేదు. కాలు పైన పెట్టుకుని ఉండాలి."

కిరీటి సెలవిచ్చాడు. పూర్తిగా మానాకే రమ్మన్నాడు, కస్టమర్లు చూస్తే బాగుండదన్నాడు. మానకపోతే ఏమిటన్నది అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. కొత్తమ్మాయి అప్పటికే చీరల సెక్షన్‌లో నిలబడి ఉంది.

సెలవు పెట్టింది కూర్చోవడానికి. ఇంట్లో ఉన్నావు కదా అని మినప్పప్పు నానబెట్టించారు. ఇంట్లో ఉన్నావు కదా అని దుప్పట్లు ఉతికించారు. మామగారికి పదింటికి ఇంకో టీ పుట్టింది, ఇంతకాలం ఆ టీ లేకుండా ఆయన ఎలా బతికాడో తెలియదు. షాపులో నేల గచ్చు, వంటింట్లోనూ నేల గచ్చే. పట్టపగలు గదిలో పడుకుంటే అమలమ్మ గుమ్మం దాకా వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడుగుతుంది. కాలికి అంత కట్టు కనిపిస్తున్నా అడుగుతుంది. హాల్లో కాలు చాపితే మామగారు వస్తారు. అయినా కొంత మానింది. మొదటిసారి కట్టు మార్చినప్పుడు పుండు అంచుల్లో లేత గులాబీ రంగు చర్మం వచ్చిందని మణెమ్మ చూపించింది. డయానా వంగి చూసుకుంది. తన ఒంట్లో కొత్తగా ఏదో పుట్టి చాలాకాలమైంది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమలమ్మ ముక్కు ఎగబీల్చింది. వాసన, అంది. యేసుబాబు టీవీ సౌండు తగ్గించాడు.

"విప్పు, చూద్దాం."

"విప్పొద్దన్నారండీ. వాళ్ళే విప్పుతారంట."

"లోపలేముందో చూడకుండా వైద్యమేంటి? విప్పు."

విప్పింది. తెల్లటి పీచు లేదు. దాని చోట పచ్చగా, చిక్కగా, చల్లారిన గంజిలా ఉంది. చీము, అంది అమలమ్మ. చీము కాదని, ఆ గుడ్డే నీరు తాగి అలా అవుతుందని, సిస్టరు ముందే చెప్పిందని డయానా అంది. యేసుబాబు నవ్వాడు.

"నువ్వెప్పుడు నర్సువయ్యావే? కుళ్ళబెట్టి కుళ్ళబెట్టి, ఆనక కాలు తీసెయ్యాలంటారు. పుండుకి గాలి తగలాలి. తుడిచెయ్యమ్మా." టీవీ సౌండు పెంచాడు.

అమలమ్మ దూదితో జెల్ మొత్తం తుడిచేసింది. మొరటుగా కాదు, మెత్తగానే తుడిచింది. తుడుస్తున్నంతసేపూ ఆమె పెదవులు ప్రార్థన చేస్తూనే ఉన్నాయి. పసుపు అద్ది, పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె పోసి, కాలు మెట్టు మీద ఎండలో పెట్టించింది. డయానా కాలు ఇచ్చి కూర్చుంది. వద్దనే మాట నోట్లోనే ఉంది. ఎవరూ ఆమె నోరు మూయలేదు. ఆ మాట ఈ ఇంట్లో ఎప్పుడూ అనలేదు కాబట్టి ఎంత గట్టిగా అనాలో ఆమెకి తెలియలేదు. వీధిలో పోయేవాళ్ళు పలకరించారు. అమలమ్మ అందరికీ జవాబు చెప్పింది. ఎండలో పెట్టిన కాలు ఎవరికీ తప్పుగా కనబడలేదు.

పుండు ఎండింది. నల్లటి పక్కు కట్టింది. ఇంట్లో అందరికీ తృప్తిగా ఉంది. డయానాకి మాత్రం కాలు కింద పెడితే నిప్పు తొక్కినట్టు ఉంది. ఆస్పత్రికి వెళ్ళేసరికి పక్కు పగిలి, కింద కుడివైపు పుండు ఇంకాస్త తినేసి ఉంది. మణెమ్మ సెలైన్‌తో నానబెట్టి కూర్చుంది.

"ఎవరు తీశారు?"

"నేనేనండీ."

"నువ్వే తీసి, నువ్వే పసుపు పూశావు."

"అవునండీ."

మణెమ్మ నానిన పక్కు మెల్లగా ఎత్తింది. అంచుల్లో వచ్చిన గులాబీ చర్మం పక్కుతో పాటు ఊడి వచ్చింది. డాక్టరమ్మ చూసి, ఇంకోసారి ఇలాగైతే తొడ మీద చర్మం తీసి అతకాల్సి వస్తుందని, అతికినా నిలబడితే నిలవదని చెప్పి వెళ్ళింది. మణెమ్మ కొత్త పీచు సర్ది, పట్టీ చుడుతూ మామూలుగా అడిగింది.

"ఇంట్లో కుర్చీ లేదా అమ్మా?"

"ఉందండీ."

"స్టూలు?"

"ఉంది."

"మరి?"

డయానా చీర అంచు కట్టు మీదకి దించుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మరి, అనుకుంది. ఇంట్లో మూడు కుర్చీలున్నాయి. ఒకటి మామగారిది. ఒకటి భర్తది. మూడోది వచ్చినవాళ్ళకి. అత్తగారికి మంచం ఉంది. కూతురు బ్లెస్సీకి చదువుకునే బల్ల ఉంది. తను కూర్చునేది నేల మీద, ఏదో ఒకటి తరుగుతూనో రుద్దుతూనో. చేతులు ఖాళీగా పెట్టుకుని కుర్చీలో కూర్చున్నది ఎప్పుడని వెతుక్కుంది. చర్చిలో కూర్చుంది. బస్సులో కూర్చుంది. బ్లెస్సీ పుట్టినప్పుడు పుట్టింట్లో కూర్చుంది. ఇంకేదీ గుర్తుకు రాలేదు. ఎవరూ కూర్చోవద్దనలేదు. అది ఎవరి మీదా నేరం మోపడానికి పనికిరాదు. ఎవరూ కూర్చోమనలేదు, తను అడగలేదు.

మర్నాడు పెరట్లో బియ్యం కడుగుతుంటే అమలమ్మ వచ్చి కట్టు చూసింది.

"మళ్ళీ కట్టించుకొచ్చావా?"

"అవునత్తయ్యా."

అమలమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి లాగి, తన కాలు ముందుకు పెట్టింది. చీలమండ పైన, లోపలి వైపు, అరచేయంత నల్లటి మచ్చ. తుమ్మ బెరడులా గట్టిపడి ఉంది. డయానా ఆ కాలు ఎప్పుడూ చూడలేదు.

"నాదీ ఇంతే. ఎవరికీ చూపించలా. పిడకల బూడిద అద్ది గుడ్డ కట్టా. ఏ డాక్టరూ లేడు. మానింది."

"ఎప్పుడు మానింది అత్తయ్యా?"

అమలమ్మ ఆలోచించింది. "చాన్నాళ్ళు పీడించిందమ్మా. నువ్వు కాపరానికొచ్చిన ఏడు మానింది."

చెప్పి, కుచ్చిళ్ళు సర్దుకుని, లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుని రెండు కాళ్ళూ పైకి పెట్టుకుంది. తను ఏం చెప్పిందో ఆమెకి తెలియదు.

డయానా చేతులు బియ్యం నీళ్ళలోనే ఉన్నాయి. బూడిద కాదు. ఈ ఇంటి నిలబడే పని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారింది, అంతే. ముసలావిడ పుండు మానడానికి మందు తనే. ఆ లెక్కన తన పుండూ మానుతుంది. దానికీ మందు ఇంట్లోనే ఉంది. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న బ్లెస్సీ ఈమధ్య లేవగానే మంచినీళ్ళు పట్టి, తాతకి టీ ఇచ్చి, టిఫిను బాక్సులు కట్టి కాలేజీకి పరిగెడుతోంది. ఎవరూ చెప్పలేదు, తల్లి కాలు చూసి తనే మొదలుపెట్టింది. పిల్ల పని అందుకుందని మొన్న ఆదివారం అమలమ్మ చర్చిలో మెచ్చుకుంది. యేసుబాబు కూడా మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు విని డయానా సంతోషించింది. ఇప్పుడు చేతిలోని బియ్యం నీళ్ళలోకి వదిలేసింది. కొన్నేళ్ళకి తను కూడా మంచం మీద కాళ్ళు పెట్టుకుని, ఎవరికో మచ్చ చూపించి, మానింది అని చెబుతుంది.

ఆ సాయంత్రం ఆమె భర్త కుర్చీ ఫ్యాను కిందికి జరుపుకుంది. చెక్క స్టూలు లాక్కుంది. దాని మీద రెండు దిళ్ళు వేసి, ఎడమ కాలు పెట్టింది. మడమ తుంటి కంటే పైకి వచ్చింది. కట్టు లోపల బరువు మెల్లగా వెనక్కి జరగడం తెలిసింది. గేటు చప్పుడయింది.

"మీ మావయ్యగారు. కాలు దించు," అంది అమలమ్మ మంచం మీద నుంచి.

"దించనత్తయ్యా."

ఆమోసు వచ్చి తన కుర్చీలో కూర్చుని పేపరు తీశాడు. పేపరు పక్క నుంచి ఒకసారి కాలు చూశాడు. మళ్ళీ పేపరు చూసుకున్నాడు. అంతే. ఇన్నేళ్ళుగా భయపడింది దీనికి.

యేసుబాబు డ్యూటీ దిగి వచ్చాడు. క్యారేజీ డబ్బా కింద పెట్టి స్టూలు కోసం చూశాడు. స్టూలు కనిపించింది.

"ఏంటిది?"

"డాక్టరుగారు పెట్టుకోమన్నారు."

"నేనొచ్చాను కదా."

"చూశానండీ."

అతను తల్లి వైపు చూశాడు. అమలమ్మ చెయ్యి తన చీలమండ మీదకి వెళ్ళి అక్కడే ఉంది. అతను బల్ల దగ్గర పుస్తకం ముందు పెట్టుకున్న కూతురితో అన్నాడు.

"బ్లెస్సీ, టీ పెట్టు."

బ్లెస్సీ కుర్రతనపు ఊపుతో లేవబోయింది.

"నువ్వు కూర్చో," అంది డయానా.

గొంతు పెంచలేదు. ఎంత గట్టిగా అనాలో ఈసారి తెలిసింది. బ్లెస్సీ తల్లిని చూసి, తండ్రిని చూసి, కూర్చుంది.

"మరెవరు పెడతారు?" అన్నాడు యేసుబాబు.

మంచం మీద అమలమ్మ, కుర్చీలో ఆమోసు, బల్ల దగ్గర బ్లెస్సీ. డయానా కట్టు అంచు మడత పడితే వంగి సరిచేసుకుని, వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడయింది. పెట్టింది ఎవరో చూడటానికి ఆమె లేవలేదు.